నేను ఉద్యమినైన ఏడాది

జంషెడ్‌పూర్ మొత్తమ్మీద వ్యాపారం పెట్టడమెలాగో యూనివర్సిటీ చదువుగా చదివిన మొట్టమొదటి మనిషిని నేనే. ఈ మాట పెళ్ళిళ్ళలో, రైళ్ళలో, డాక్టరు గది ముందు బల్లమీద కూర్చున్నప్పుడు చాలామందికి చెప్పాను. ఎవరూ కాదనలేదు. కాదనగలిగినవాళ్ళు ఒక్కొక్కరే పోయారు గనక ఈమధ్య ఇంకొంచెం ధైర్యంగా చెబుతున్నాను. నిజానికి మా క్లాసులో గది నిండా జనం ఉండేవాళ్ళు. పోనీ తెలుగువాళ్ళలో మొదటివాణ్ణని సర్దుకుందామంటే, కద్మా నుంచి వచ్చే ఒక మాస్టారి కూతురు నాకంటే ముందు బెంచీలో కూర్చునేది. మార్కులూ నాకంటే ముందే ఉండేవి. కాబట్టి భుయ్యాడీహ్‌లో మా సందుకి మొదటివాణ్ణి. అంతవరకు నిజం.

ఆ చదువులోని ఒకే ఒక్క మాట మూలంగా మా నాన్న తన ఉద్యోగాన్ని తనే వదులుకోబోయాడు. ఈ సంగతి మాత్రం పెళ్ళిళ్ళలో చెప్పలేదు.

మా నాన్న శ్రీకాకుళం జిల్లా నుంచి మీసం మొలవని వయసులో ఠేకేదారు, అంటే కాంట్రాక్టరు, కింద మట్టి మోయడానికొచ్చినవాడు. ఏళ్ళ తరబడి గేటు బయట నిలబడి, ఆఖరికి కంపెనీలో పర్మనెంటై, క్రేను డ్రైవరయ్యాడు. షెడ్డు కప్పుకి కొంచెం కిందుగా ఇనప పట్టాల మీద నడిచే క్రేను అది. దానికి వేలాడే చిన్న గదిలో ఆయనొక్కడే. కింద నుంచి ఖలాసీ చెయ్యి ఊపుతాడు. వేళ్ళు ముడిస్తే ఒక అర్థం, అరచెయ్యి తిప్పితే ఇంకొకటి. ఆ చప్పుడులో నోటిమాటకి పని లేదు. బహుశా అందుకే ఆయనకి ఆ చోటు అంత నచ్చింది. కింద ఎవరెంత అరిచినా ఆయనకి వినపడదు. ఆయన్ని తిట్టాలంటే నిచ్చెనెక్కి వెళ్ళాలి, అంత ఓపిక ఏ ఫోర్‌మన్‌కీ ఉండేది కాదు.

ఆ రోజుల్లో తండ్రి తన గడువుకి ముందే తప్పుకుంటే ఆ ఇంటి కొడుకుని కంపెనీలోకి తీసుకునే పద్ధతి ఒకటుండేది. మా సందులో చాలామంది తండ్రులు అలా దిగిపోయి, కొడుకులకి టిఫిను క్యారేజీ అందిస్తూ గుమ్మంలో కూర్చున్నారు. మా నాన్నకి అది గిట్టేది కాదు. "నా కాళ్ళతో ఎక్కినాను, నా కాళ్ళతో దిగుతాను. ఆడి కాళ్ళు ఆడికి నేవేటి?" అనేవాడు అమ్మతో. ఆయనకి రిటైరు కావడానికి ఇంకా చాలా ఏళ్ళున్నాయి.

నేను కామర్స్ ఆఖరి ఏడాదిలోకి వచ్చినప్పుడు యూనివర్సిటీ వాళ్ళు కొత్త పేపరొకటి పెట్టారు. ఇంగ్లీషులో దాని పేరు చెప్పేలోపు ఊపిరి అయిపోయేది. కొత్త వ్యాపారం ఎలా ఊహించాలి, ఎలా మొదలుపెట్టాలి, ఎలా నిలబెట్టాలి, అదీ విషయం. చెప్పే సారు గంగ అవతలి జిల్లా మనిషి, హిందీ అంటే ప్రాణం. ఆయన ఆ ఇంగ్లీషు పేరుని నోట్లోకి రానిచ్చేవారు కాదు. సొంతంగా వ్యాపారం పెట్టేవాణ్ణి ఉద్యమీ అనేవారు. పొద్దున్నే గదిలోకి వచ్చి, "ఆయియే, కల్ కే ఉద్యమీ" అని మమ్మల్ని పలకరించేవారు. రేపటి ఉద్యమీలట మేం. బజారులో ఎవరూ ఆ మాట అనరు, ధందా అంటారు. అది పుస్తకాల హిందీ. నాకు మాత్రం అది తలపాగా చుట్టినట్టుండేది.

నా బడి చదువంతా హిందీలో జరిగింది. తెలుగు ఇంట్లో మాట్లాడుకోవడానికే. ఈ రాస్తున్న తెలుగు తర్వాతెప్పుడో పత్రికలు చదివి కూడబలుక్కున్నది. ఉద్యమం అనే మాట తెలుగులో ఒకటుందని, దాని అర్థం వేరని అప్పటికి నాకు తెలియదు. తెలియకపోవడం విచిత్రమే. మా ఇంట్లో ఆ మాట ఎవరూ అనకపోవడమే దానికి కారణమని తర్వాత తెలిసింది.

ఆ రోజు నాన్న మొదటి షిఫ్టు నుంచి వచ్చి అన్నానికి కూర్చుని, "ఏటి సదువుతున్నావురా ఈ యేడు?" అన్నాడు.

"ఇంక మామూలు సదువు కాదు నాన్నా. ఉద్యమీ అవుతున్నాను."

కలుపుతున్న చెయ్యి ఆగిపోయింది. "ఏటవుతున్నావు?"

"ఉద్యమీ. మా సారు మమ్మల్నందర్నీ తయారు సేత్తన్నాడు."

పొయ్యి దగ్గర అమ్మ గరిటె కింద పెట్టేసింది. "ఆ మాట ఇంకోపాలి అనకు."

"ఏటే, మంచి మాటే గదా."

"అన్నం తిను."

నాన్న మారు వడ్డించుకోకుండా లేచాడు. చదువు పేరు విని గర్వంతో నోట మాట రాలేదనుకున్నాను. అలాగే అనుకుని హాయిగా పడుకున్నాను కూడా.

కొత్త పేపరు గనక పుస్తకాలు లేవు. సారు సైక్లోస్టయిల్ చేసిన కాగితాలిచ్చేవారు. ముట్టుకుంటే వేళ్ళకి సిరా అంటేది. ఒక సాయంత్రం నాన్న వాటిలో ఒకటి పట్టుకుని కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. ఆయనకి హిందీ అక్షరాలు వచ్చు. షెడ్డులో గోడల మీద రాసిన హెచ్చరికల బోర్డులే ఆయన బడి. వేలు పెట్టి ఉ, ద్య, మీ అని కూడబలుక్కుని, ఆ వేలు అక్కడే ఉంచాడు.

"ఇవెక్కడ అచ్చేత్తారు?"

"కాలేజీ ఎనకాల గదిలో."

"ఎనకాల గదిలోనా." కాగితం తిప్పి చూశాడు. "ఏటి రాసుంది ఇందులో?"

"ఉద్యమీకి ఉండాల్సిన గుణాలు. మొదటిది, దేనికీ బయపడకూడదు. ఉన్నదంతా పోయినా మల్లీ లెగాల."

"నీకు బయం నేదా?"

"బయపడీవోడు ఉద్యమీ కాలేడు నాన్నా." ఈ ముక్క చెప్పేటప్పుడు నేను కొంచెం ఛాతీ విరుచుకున్నాను. చాలానే విరుచుకున్నాను.

ఆయన ఆ కాగితాన్ని మడతలు పెట్టి పెట్టి, చిన్నది చేసి నా చేతిలో పెట్టాడు. "కనపడీలాగ ఒగ్గీకు" అన్నాడు. అలా వదిలేస్తే పాడైపోతుందని కాబోలనుకున్నాను.

తర్వాత సారు మమ్మల్ని జంటలుగా విడదీసి బస్తీల మీదికి పంపారు. ఇంటింటికీ వెళ్ళి, మీకు ఇక్కడ దొరకనిదేమిటి, ఏది ఉంటే కొంటారు అని అడగాలి. నాకు జతగా ఒక ఒడియా కుర్రాడు పడ్డాడు. మేం భుయ్యాడీహ్‌లో మా తెలుగువాళ్ళ ఇళ్ళే తిరిగి, ఎవరికీ తట్టని గొప్ప సంగతి కనిపెట్టాం. అంటే నేను కనిపెట్టాను. ఇది కొన్నేళ్ళుగా నేను చెబుతున్న వరస. కనిపెట్టింది ఆ ఒడియా కుర్రాడు. ఏ ఇంటికి వెళ్ళినా చోళ్ళు, అదే రాగులు, ఊరినుంచి ఎవరో ఒకరి సంచీలో రైలెక్కి రావలసిందే. చోడి అంబలి లేకపోతే మా వాళ్ళకి వేసవి గడవదు. అదే గింజ ఇక్కడ నది అవతలి ఊళ్ళవాళ్ళు మడువా అని సాక్చీ బజారులో కుప్పలు పోసి అమ్ముతారు. దాన్ని మర పట్టించి, పొట్లాలు కట్టి అమ్మితే చాలు. ఒక పొట్లం పట్టుకుని మా పక్క సందు పిన్ని దగ్గరికి వెళ్ళాను.

ఆవిడ కొంచెం నోట్లో వేసుకుంది. "ఇది సోడిపిండి కాదురా."

"అదే గింజ పిన్నీ. పేరే వేరు."

"గింజదే అవచ్చు. నీల్లు మనవి కావు. మీ యమ్మ తింతాదేటి ఇది?"

మా అమ్మా తినలేదు. సారు మాత్రం, జనం వద్దన్నచోటే ఉద్యమీ పని మొదలవుతుందన్నారు. మేం ఇంకా పట్టుదలగా తిరిగాం.

ఇంట్లో ఏదో చెడిందని నాకు ఆలస్యంగా తెలిసింది. నాన్న షిఫ్టు దిగి తిన్నగా ఇంటికి రావడం మానేశాడు. నేను ఏ సందులో పొట్లాలు పట్టుకుని నిలబడినా, ఆ సందు చివర సైకిలు పట్టుకుని ఆయన కనిపించేవాడు. నేను చూస్తే తలతిప్పుకునేవాడు. ఇంట్లో ప్రశ్నలు మాత్రం అడిగేవాడు, అదీ నా మొహం చూడకుండా.

"ఆ ఒడియా గుంటడి తండ్రి ఏటి సేత్తాడు?"

"రైల్వేలో నాన్నా."

"మీ మీటింగులు ఎక్కడవుతాయి?"

"ఎక్కడ ఈలైతే అక్కడ."

"మీ సారుకి పెల్లాం పిల్లలు ఉన్నారా?"

ఉన్నారన్నాను. "ఉండీసి ఇలాటి పనా" అని గొణిగాడు. కంపెనీ భోంపు, అదే సైరను, కూసినప్పుడల్లా లేచి తలుపు గడియ చూసుకునేవాడు. పడమటి వైపు కొలిమిలోంచి తీసిన మండే తెట్టు పారబోస్తే ఆకాశం ఎర్రబడుతుంది, మాకది రోజూ ఉండేదే. అది చూసి కూడా ఉలిక్కిపడుతున్నాడని అమ్మ అంది. ఏమైందే అంటే చెప్పేది కాదు.

ఒకరోజు బియ్యం చెరుగుతూ చెప్పింది. "మీ నాన్న కాయితం ఇచ్చీసినాడు."

"ఏ కాయితం?"

"దిగిపోతాడట. నిన్ను ఎక్కించమని అడిగీసినాడు. నెల తిరిగీలోపల నువ్వు డూటీకి పోవాల."

ఇన్నాళ్ళూ అలా దిగిపోయినవాళ్ళందరినీ వెక్కిరించిన మనిషి. ఆ క్రేను గది తప్ప ఈ ఊళ్ళో తనదనే చోటు లేని మనిషి. నాకు ఒక్కటే కారణం తోచింది. నా చదువంటే చిన్నచూపు. పొట్లాలు పట్టుకుని సందుల్లో తిరిగే కొడుకుని చూసి తలెత్తుకోలేకపోయాడు.

ఆ సాయంత్రం నాన్నని నిలదీసి, "నీ కొలువు నాకక్కర్లేదు, నా కార్ఖానా నేనే పెట్టుకుంటాను" అని మొహం మీదే చెప్పాను. మావాళ్ళకి ఇలాగే చెబుతూ వచ్చాను ఇన్నేళ్ళూ. అనలేదు. ఆయన వచ్చే వేళకి సంచీలో రెండు చొక్కాలు కుక్కుకుని, అమ్మకి కూడా చెప్పకుండా, సిద్ధగోరాలో ఆ ఒడియా కుర్రాడి ఇంటికి పోయాను. రెండు మూడు రోజులు అక్కడినుంచే కాలేజీకి వెళ్ళాను. కొడుకు అలిగాడని ఇంట్లో అనుకుంటారనుకున్నాను. మా నాన్న ఏమనుకుని ఉంటాడో మీకిప్పటికే తెలిసిపోయి ఉంటుంది. నాకు తెలియలేదు.

క్లాసు జరుగుతుండగా గుమ్మంలో ఆయన కనిపించాడు. డ్యూటీ బట్టల్లోనే ఉన్నాడు, హెల్మెట్ రెండు చేతులా పొట్టకి ఆనించుకుని. క్లాసు గదిలోని మొహాలన్నీ వెతుకుతున్నాడు. నన్ను చూసి కళ్ళు మూసుకున్నాడు. సారు బయటికి వెళ్ళారు, నేనూ వెనకే వెళ్ళాను.

"సాబ్, మేరా లడ్కా కో ఛోడ్ దీజియే." నా కొడుకుని వదిలిపెట్టమని. హెల్మెట్‌తో పాటే దణ్ణం పెట్టాడు.

చదువు మాన్పించడానికొచ్చాడనుకున్నారు సారు. నా భుజం మీద చెయ్యేసి, మొత్తం యూనివర్సిటీలో ఇంత చురుకైన ఉద్యమీ లేడన్నారు. ఇది నేను కలిపింది. "అచ్ఛా లడ్కా హై" అన్నారు, అంతే. ఆ తర్వాత ఆయన రోజూ క్లాసులో చెప్పే మాటే చెప్పారు. "ఉద్యమీ పైదా నహీఁ హోతే, బనాయే జాతే హైఁ. మైఁ బనాతా హూఁ." ఉద్యమీలు పుట్టరు, వాళ్ళని తయారుచేస్తారు, ఆ తయారుచేసేవాణ్ణి నేనేనని.

ఆ మాటకి మా నాన్న గోడకి చెయ్యి ఆనించుకున్నాడు. తర్వాత నా వైపు తిరిగి తెలుగులో అన్నాడు.

"ఒకింటినుంచి ఎంతమందిని అట్టుకుపోతార్రా? మీ సిన్నాన్నని అట్టుకుపోనారు. అది సాల్లేదా?"

"సిన్నాన్న జెరమొచ్చి పోనాడు గదా."

"జెరం కాదు. ఉద్యమం."

ఊళ్ళో ఉండిపోయిన నాన్న తమ్ముడు జ్వరంతో పోయాడనే చిన్నప్పటినుంచీ విన్నాను. మా జిల్లా కొండల్లో గొడవలు జరిగిన రోజుల్లో ఆయన కూడా అందులోకి వెళ్ళాడని, శవం కూడా ఇంటికి రాలేదని, పోలీసులకి భయపడి ఆ మాటే ఇంట్లో లేకుండా చేశారని ఆ వరండాలో, నాన్న ముక్కలు ముక్కలుగా చెబితే తెలిసింది. వెనకాల గదిలో అచ్చు, వేళ్ళకంటే సిరా, ఇంటింటికీ తిరిగి మీకేటి కొదవని అడగడం, భయం లేకపోవడం, చెప్పకుండా ఇల్లు వదలడం. ఇదంతా ఆయన ఇదివరకు ఒకసారి చూశాడు.

"నాన్నా, ఇది అది కాదు. ఇందీలో ఉద్యమీ అంటే యాపారం పెట్టీవోడు. అంతే."

నన్ను నమ్మలేదు. సారుని చూశాడు. "ధందా?"

"జీ. ధందా" అన్నారు సారు, ఆ మాట అనడం ఇష్టం లేకపోయినా.

"ఆందోళన్ అనుకున్నారు సర్ మా నాన్న" అని హిందీలో చెప్పాను. సారు నవ్వబోయారు. నాన్న మొహం చూసి ఆ నవ్వుని మింగేసి, గదిలోంచి తన కుర్చీ తెచ్చి వేశారు. బట్టలకి గ్రీజుందని నాన్న కూర్చోలేదు.

"యాపారమా" అన్నాడు. "యాపారానికి సదువేటిరా?" వెంటనే మొహం మళ్ళీ నల్లబడింది. "కాయితం పైకెల్లిపోనాదేమో."

ఇద్దరం కంపెనీ ఆఫీసుకి బయల్దేరాం. సైకిలు ఆయన తొక్కలేదు, నేను తొక్కుతానంటే ఇవ్వలేదు. నడిపించుకుంటూ పోతున్నాడు. దారిలో అడిగాడు. "మీ సారుతోటి నాకు ఆందోళనగా ఉందని సెప్పినావా?"

"అది కాదు నాన్నా. ఉద్యమాన్ని ఇందీలో ఆందోళన్ అంటారు."

"గేటుకాడ యూనియనోల్లు అంతారు, అదా." కాసేపు నడిచాక, "నాక్కూడా ఆందోళనగానే ఉంది, సెప్పితే తప్పేటి నేదు" అన్నాడు.

ఆఫీసులో గుమాస్తా ముందు నేను వకీలులా వాదించి ఆ కాగితం వెనక్కి ఇప్పించానని మా అమ్మ చనిపోయేదాకా నమ్మింది. నేను నాన్న వెనకాల హెల్మెట్ పట్టుకుని నిలబడ్డాను, అంతే. అదృష్టంకొద్దీ పై సాహెబు సెలవులో ఉన్నాడు. కాగితం ఇంకా ట్రేలోనే ఉంది. గుమాస్తా దాన్ని పైకి తీసి, ఇవ్వకుండా పట్టుకున్నాడు. కొడుకుని ఎక్కించమని కాళ్ళు పట్టుకునేవాళ్ళని చూశాను గానీ, ఇచ్చింది వెనక్కి అడిగేవాణ్ణి చూడలేదన్నాడు. కారణం చెప్పమన్నాడు.

నాన్నకి అసలు కారణం ఆ గదిలో చెప్పే వీలు లేదు. చెబితే ఆయన పేరు పక్కన, నా పేరు పక్కన, ఎప్పుడో పోయిన చిన్నాన్న పేరు కూడా వచ్చి నిలబడుతుంది. గుమాస్తా పెన్నుతో బల్ల మీద కొడుతున్నాడు.

"మేరా లడ్కా కార్ఖానా ఖోలేగా" అన్నాడు నాన్న. నా కొడుకు ఫ్యాక్టరీ పెడతాడని.

"కిస్ చీజ్ కా?" దేనిదని గుమాస్తా.

నాన్న నా వైపు చూశాడు.

"మడువా పిండి" అన్నాను హిందీలో. గుమాస్తా పగలబడి నవ్వి, పక్క బల్లమీది వాడికి కూడా చెప్పాడు. ఇద్దరూ నవ్వారు.

"హఁసో మత్ బాబూ." నాన్న గొంతు పెరగలేదు. "పచాస్ ఆద్మీ కో నౌకరీ దేగా. ఆప్ కా లడ్కా కో భీ దేగా." నవ్వకండి, యాభైమందికి ఉద్యోగాలిస్తాడు, మీ అబ్బాయికి కూడా ఇస్తాడని.

చిన్నాన్న జ్వరం సంగతి తప్ప జీవితంలో ఆయన నోట ఒక్క అబద్ధం వినలేదు నేను. ఆ అబద్ధం చెప్పేటప్పుడు చెవులు ఎర్రబడ్డాయి. గుమాస్తా తల పట్టుకుని, "పాగల్ హై" అంటూ కాగితం విసిరినట్టు ఇచ్చేశాడు. నాన్న దాన్ని చింపలేదు. మడిచి చొక్కా లోపలి జేబులో పెట్టుకుని, ఆ జేబు మీద అరచెయ్యి ఉంచుకునే మెట్లు దిగాడు.

బయట షిఫ్టు మారే వేళ. గేటు లోపల్నుంచి సైకిళ్ళు ఒకదానికొకటి రాసుకుంటూ వస్తున్నాయి. ఆ జనం పలచబడేదాకా ఒక పక్కగా ఆగాం.

"ఆ పిండి యాపారం నడుత్తాదేటి?" అన్నాడు.

"నడవదనుకుంటాను నాన్నా. అమ్మే తినట్నేదు."

ఊఁ అన్నాడు. కోప్పడలేదు. హ్యాండిల్ మీద బెల్లుని ఊరికే బొటనవేలితో రుద్దుతున్నాడు.

"నాను సెలవెట్టి ఊరెల్లినప్పుడు మీ సిన్నాన్న నా దగ్గరికొచ్చి, ఉద్యమంలోకి పోతన్నానన్నా అన్నాడు. ఏటి సేత్తార్రా అక్కడా, ఎందుకు పోతన్నావూ అని అడగనేదు నాను. సెంప మీద ఒకటిచ్చి రైలెక్కీసినాను. నిన్నూ అడగనేదు. తిన్నగా పోయి కాయితం ఇచ్చీసినాను."

సైకిళ్ళు తగ్గాయి. ఆయన రోడ్డు మీదికి సైకిలు దించాడు.

"ఇప్పుడు సెప్పు. మొదట్నించి సెప్పు. ఏటి నేర్పుతాడు మీ సారు?"

సైకిలుకి అటు ఆయన, ఇటు నేను. భుయ్యాడీహ్ చేరేదాకా చెప్పాను. మాకు జనం కొనేది ఏమిటో తెలుసుకోవడం నేర్పుతారని, నాకింకా అది రాలేదని, పిండి సంగతి కనిపెట్టింది ఆ ఒడియా కుర్రాడని, పరీక్ష తప్పుతానేమోనని భయంగా ఉందని. అర్థం కానిచోట ఆగి మళ్ళీ అడిగాడు. మళ్ళీ చెప్పాను. ఎక్కడా ఏమీ కలపలేదు.